ఒంగోలు దాకా చల్లగా

ఏప్రిల్ 1

ఇంటికి వచ్చాం. సొంత బండి పెట్టుకుని కిరాయి కారు ఎందుకని అడిగాను. దాంట్లో కుదుపులు ఎక్కువ, నీకు నొప్పి చేస్తుంది అన్నాడు ఆనంద్. ఒంగోలు నుంచి దోర్నాల దాకా చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాం.

దూలానికి ఉయ్యాల తాళ్ల గుర్తులున్నాయి. ఉయ్యాల లేదు. ఎవరు విప్పారో అడగలేదు.

ఏప్రిల్ 2

పాలు పడ్డాయి.

ఏప్రిల్ 3

ఏఎన్‌ఎం సరళ వచ్చి చూసింది. "గట్టిగా గుడ్డ చుట్టుకో అక్కా. పిండొద్దు. పిండితే ఇంకా పడతాయి. కొన్నాళ్లు ఓర్చుకుంటే అవే ఇంకిపోతాయి" అంది. వెళ్లేటప్పుడు నా మొహం చూడకుండా చెప్పులేసుకుంది.

స్నానానికి వేడినీళ్లు పోసుకుంటే వాటంతట అవే కారాయి. నీళ్లతో కలిసి తూములోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. మా అత్త దయామణి ఏడుస్తుంటే నేనే ఓదార్చాను. వాడు ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పూట బతికాడు. ఉమ్మనీరు మింగాడన్నారు. ఎవరి తప్పూ లేదు. నేను బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 4

బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

నిన్న వందనకు కాన్పయింది. ఏడో నెలలోనే.

వందన ఆనంద్ చెల్లెలు. దొనకొండకు ఇచ్చారు. నా కడుపుకూ తన కడుపుకూ రెండు నెలల తేడా. అత్త మా ఇద్దరి పేర్లూ కలిపి ఒకే ప్రార్థన చేసేది. నిన్న పొద్దున బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయట. ఒంగోలుకు, మేమున్న ఆసుపత్రికే తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. అద్దాల పెట్టెలో ఉంచారు. వందన ఇంకా కళ్లు తెరవలేదు. అత్త ఉన్న చీరతోనే బస్సెక్కింది.

చర్చికి పోలేదు. ఇంట్లో ఎవరూ లేరు. గుడ్డ ఇంకా గట్టిగా బిగించాను.

ఏప్రిల్ 7

మధ్యాహ్నం ఆనంద్ వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపలికి రాడు, బయటికి పోడు. చేతిలో ఫోను. అత్త లైన్లో ఉంది.

"అమ్మా కృపా, అన్నం తిన్నావా?"

"తిన్నాను అత్తా. పాప ఎట్లుంది?"

"ఉంది. గొట్టం పెట్టినారు. డబ్బా పాలు పోస్తే పొట్ట ఉబ్బుతోంది. వందనకు ఇస్తున్న మందులకు దాని పాలు పనికిరావంట. తల్లి పాలు ఎక్కడన్నా..." అత్త ఆగిపోయింది. "నోరు రావట్లేదు తల్లీ. నేను మనిషినేనా అనిపిస్తాంది."

"పంపిస్తాను" అన్నాను.

ఆనంద్ గోడకు తల ఆనించాడు. ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది? పారబోసేవే కదా. ఊరికే పోయేవి ఎవరికో ఒకరికి పనికొస్తాయి. అంతే.

సాయంత్రం నా రక్తం తీసి పరీక్షకు పంపారు. నేను ఒంగోలులోనే ఉంటే మంచిదని డాక్టరమ్మ అందట. ఆసుపత్రి పక్కనే గది చూస్తానన్నాడు ఆనంద్.

"ఆ మెట్లు నేను ఎక్కను" అన్నాను. అతను మళ్లీ అడగలేదు. ఎట్లాగూ అతని పార్సిల్ బండి రోజూ పోతుంది. దోర్నాల, మార్కాపురం, పొదిలి, చీమకుర్తి, ఒంగోలు.

ఏప్రిల్ 9

గుడ్డ విప్పేశాను. చేతి పంపు తెచ్చాడు. మొదట చుక్కలు, తర్వాత ధార.

కూల్‌డ్రింక్ షాపులో ఐసు తీసుకుని డబ్బాలో పెట్టి పంపాను. పొదిలికే నీళ్లయిందట. నర్సు రమ్య సీసాలు పట్టుకు చూసి, "కాస్త చల్లగా ఉన్నవి వాడతాం అన్నా, మిగతావి వద్దు. నెలలు నిండని పిల్లకు కొంచెం తేడా ఉన్నా ప్రమాదం" అందట. ఏప్రిల్ ఎండ. మూడు గంటల దారి, ఆపి పార్సిళ్లు దింపుకుంటూ పోతే ఇంకా ఎక్కువ.

ఏప్రిల్ 10

మార్కాపురంలో మందుల ఏజెన్సీ వీరభద్రయ్య అన్న పార్సిళ్లు ఆనందే తీసుకుపోతాడు. సంగతి తెలిసి బండిలో పెట్టుకునే చిన్న ఫ్రిజ్ ఇచ్చి పంపాడు. పల్లెల్లో షాపులకు ఇన్సులిన్ పంపేటప్పుడు వాడేవాడట. పెట్టె లాగా ఉంటుంది, మూత పైకి తెరుచుకుంటుంది. ముందు అంకెల్లో చల్లదనం కనబడుతుంది. బండిలో ఫోను చార్జింగు పెట్టే సాకెట్టుకే దీని ప్లగ్గు పెట్టాలి.

వరండాలో పెట్టి బండిలోంచి వైరు లాగి చూశాం. నాలుగు డిగ్రీల దాకా దిగింది. మూత తెరిస్తే చల్లటి గాలి మొహానికి తగిలింది. ఆనంద్ పిల్లవాడిలా మళ్లీ మళ్లీ మూత తీసి చూశాడు.

ఏప్రిల్ 11

పారబోశారట.

తర్వాత రాస్తున్నాను. పొదిలి దాటాక ఎక్కడో ప్లగ్గు ఊడింది. రోడ్డు గుంతలు, గ్రానైట్ లారీల హోరు, అతనికి తెలియలేదు. ఒంగోలులో చూస్తే ఇరవై దాటి ఉంది. రమ్య అతని ముందే సింకులో పోసిందట.

అబద్ధం చెప్పొచ్చు కదా. ఇచ్చాను, తాగింది అనొచ్చు కదా. వచ్చి నా ముందు నిలబడి, "కృపా, ప్లగ్గు ఊడింది" అన్నాడు.

వారం రోజులు తూములోకి పోతుంటే నేనే చూస్తూ నిలబడ్డాను. ఒక్క చుక్క ఏడవలేదు. ఈ రోజు వాళ్లు పోశారంటే ఎట్లా ఏడ్చానో నాకే తెలియదు. పక్కింటి వాళ్లు వచ్చారు. వాడి కోసం అనుకున్నారు. కాదు. పాల కోసం.

ఏప్రిల్ 12

ప్లగ్గుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి సాకెట్లో కుక్కాడు. నిలిచింది. కానీ బండి తాళం తీస్తే ఆ సాకెట్టుకు కరెంటు రాదు. దిగిన ప్రతిచోటా ఇంజన్ ఆపకుండా పార్సిళ్లు దింపాడట. ఎనిమిది దగ్గర ఉండగా చేరింది. తీసుకున్నారు.

ఏప్రిల్ 14

మొన్న తిరిగి వచ్చేటప్పుడు మార్కాపురంలో ఆటో ఎలక్ట్రీషియన్ కాశయ్య, "సాకెట్టు లూజయింది, కొత్తది వేస్తే చాలు" అని కొత్త సాకెట్టు, కొత్త ప్లగ్గు వేశాడు. నిన్న బాగానే పనిచేసింది. ఈ రోజు చీమకుర్తి దగ్గర కాలిన వాసన. ప్లగ్గు ముక్కు మెత్తబడి లోపలే అతుక్కుపోయింది. ఆనంద్ బండి పక్కకు ఆపి, పాల సీసాలు తీసి హోటల్ వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించి, అతుక్కున్నదాన్ని పీకి, పాత సాకెట్టూ ప్లగ్గూ వెతికి పెట్టుకుని పోయాడు.

పాపకు గొట్టంలోంచి ఇస్తున్నది చెంచాడే. ఆ చెంచాడు కోసం.

ఏప్రిల్ 15

ఫోనులో చదివాను. ఫోను చార్జింగుకు సరిపోయే సాకెట్టు ఫ్రిజ్‌ను గంటల తరబడి మోయలేదు. ప్లగ్గు లోపల పట్టేది చిన్న స్ప్రింగే. అది కదిలితే నిప్పురవ్వ, రవ్వకు వేడి, వేడికి ఇంకా వదులు. పైగా ఆ వైరు సన్నం, దూరం పోయేకొద్దీ కరెంటు బలం తగ్గుతుంది, ఫ్రిజ్ ఆగిపోతుంది. బ్యాటరీ నుంచి వేరే వైరు వేసుకోవాలి. ఆనంద్‌కు చదివి వినిపించాను. కంచం ముందు పెట్టుకుని విన్నాడు. ఇన్నాళ్లకు ఇద్దరం ఒక విషయం గురించి మాట్లాడుకున్నాం.

"రేపు బేరం చూస్తాను. అప్పటిదాకా?" అన్నాడు.

"నేను వచ్చి పట్టుకుంటాను" అన్నాను.

ఏప్రిల్ 16

పోయాను.

బండి తలుపు తీసి, ఎక్కబోతుంటే ఆనంద్, "ఆగు" అన్నాడు. తువాలు తెచ్చి సీటు దులిపాడు. దుమ్మేమీ లేదు. మళ్లీ దులిపాడు.

ఫ్రిజ్ నా కాళ్ల దగ్గర. ప్లగ్గు సాకెట్లో పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. మార్కాపురం వచ్చేసరికి వేలు తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకున్నాను. ప్రతి గుంత దగ్గరా అతను "పట్టుకో" అంటాడు, నేను "పట్టుకున్నా" అంటాను. పొదిలి దాకా ఇవే మాటలు.

పొదిలి దాటాక నేనే అడిగాను. ఎందుకు అప్పుడే అడిగానో తెలియదు.

"వాడిని ఎట్ల తెచ్చినావు?"

నన్ను ఆసుపత్రిలో ఉంచి అతనొక్కడే వచ్చి మట్టి చేసి వెళ్లాడు. ఇంతవరకే నాకు తెలుసు.

ముందు లారీ పోతోంది. దాన్ని దాటుకుని పోవచ్చు, పోలేదు. వెనకే మెల్లగా తోలాడు.

"ఈ బండిలోనే" అన్నాడు.

"వెనకాలనా?"

"వెనకాల ఎట్ల పెడతాను కృపా? నువ్వు కూర్చున్నకాడ."

నా వేలు ప్లగ్గు మీదే ఉంది. తీయలేదు.

"అంబులెన్సు పిలుస్తామన్నారు. నేను వద్దన్నా. తువాలు తడిపి చుట్టినా. ఎండ పడుతుందని ఆ కిటికీకి నీ చున్నీ కట్టినా. బెల్టు పెట్టి చూసినా, వానికి యాడ సరిపోతుంది? ఎడమచెయ్యి వాని మీదనే పెట్టినా, గేరు మార్చేటప్పుడు మాత్రం తీసినా." గేరు మార్చాడు. "ఊర్లు చెప్పుకుంటా వచ్చినా. ఇది చీమకుర్తి నాయనా, ఇది పొదిలి, ఇది మార్కాపురం, మీ అమ్మ ఇక్కడే డిగ్రీ చదివింది అని. నీళ్లు తాగుదామన్నా దిగలేదు. దిగితే వాడు ఒక్కడే ఉంటాడని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పొచ్చు కదా."

"ఎట్ల చెప్పాలో తెలియలే."

తర్వాత ఒక పెద్ద గుంత వచ్చింది. "పట్టుకో" అన్నాడు. "పట్టుకున్నా" అన్నాను.

ఆసుపత్రి దగ్గర నేను దిగలేదు. అతనే తీసుకుపోయి వచ్చాడు. నాలుగు మీద ఉందట. ఇంత చల్లగా ఎప్పుడూ రాలేదని రమ్య అందట. అది చెప్తున్నప్పుడు నవ్వబోయి అటు తిరిగాడు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పార్సిళ్లు లేవు. పాల కోసమే పోయాం. దారిలో చర్చిల దగ్గర తెల్లబట్టలు. నేనే ఊర్లు చెప్పుకున్నాను, మనసులో.

ఏప్రిల్ 19

కాశయ్య దుకాణానికి ఇద్దరం పోయాం. కాలిన ప్లగ్గు బల్ల మీద పెట్టాను.

"ఇది గట్టి సరుకేనమ్మా. మీరు అదేపనిగా వాడినారు" అన్నాడు.

"అదేపనిగా వాడడానికే అడిగినాము."

"ఇంకోటుంది చూడండి. మర తిప్పి బిగించేది. ఊడదు."

చూశాను. మర గట్టిదే, కానీ లోపల పుల్లలు సన్నం. ఊడదేమో, వేడెక్కుతుంది. "లాగితే తప్ప ఊడకూడదు. వేడెక్కకూడదు. బండి తాళం తీసినా కరెంటు ఆగకూడదు. అట్లాంటిది ఏదుంది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అంత పట్టింపు దేనికమ్మా? కూల్‌డ్రింకులకేగా!"

ఆనంద్ చెప్పాడు. ఎవరి పాలో, ఎవరి బిడ్డకో, రెండే మాటల్లో.

కాశయ్య చేతిలోది కింద పెట్టాడు. "ముందే చెప్పొచ్చు కదన్నా" అన్నాడు. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు బ్యాటరీ ఆటోలకు చార్జింగు పెట్టే బూడిదరంగు ప్లగ్గుల జత తెచ్చాడు. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. ఎదురెదురుగా తోస్తే లోపల రాగి నాలుకలు ఒకదాన్ని ఒకటి గట్టిగా అదుముకుంటాయి. ఇద్దరం చెరో సగం పట్టుకుని లాగి చూశాం. అరచెయ్యి ఎర్రబడింది కానీ రాలేదు.

"ఇదే" అన్నాను.

బ్యాటరీ నుంచి మందపాటి వైరు వేశాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు. వైరు కొసలు మెలితిప్పి టేపు చుట్టబోతే ఆనంద్ వద్దన్నాడు. పట్టకారుతో నొక్కి బిగించమన్నాడు. బిగించాక నన్ను లాగి చూడమన్నారు ఇద్దరూ.

ఏప్రిల్ 20, ఈస్టర్

పొద్దున్నే చర్చికి పోయి, అటు నుంచి అటే బండిని కావాలని వెలిగొండ కాలువ పక్క మట్టిరోడ్డు మీద తోలించాను. కుదుపులకు తల పైకప్పుకు తగిలింది. ప్లగ్గు కదల్లేదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. ఇంజన్ ఆపినా ఫ్రిజ్ తిరుగుతూనే ఉంది.

ఇక పట్టుకోవాల్సిన పని లేదు.

ఏప్రిల్ 22

పోయాను. ఫ్యూజు ఎట్లా ఉందో చూసుకోవాలి కదా.

ఏప్రిల్ 24

పోయాను. కొత్త వైరు, కొన్నాళ్లు కనిపెట్టి ఉండడం మంచిది.

ఏప్రిల్ 29

వందన కళ్లు తెరిచి వారమైంది. ఈ రోజు నడిచి వెళ్లి పాపను చూసిందట. అత్త ఫోనులో చెప్తూ ఏడ్చింది. నేను కూడా సంతోషించాను. సంతోషించాననే అనుకుంటున్నాను.

వందనతో మాట్లాడమని అత్త ఫోను ఇవ్వబోయింది. కరెంటు పోయింది, చార్జింగు లేదు అని పెట్టేశాను. కరెంటు ఉంది.

మే 4

పాప గొట్టం తీశారు. పాలాడెతో, అదే ఉగ్గుగిన్నెతో, తాగుతోంది. ఫొటో పంపనా అని అత్త అడిగింది. వద్దన్నాను. ఆనంద్ రోజూ చూసి వస్తాడు, నాకు ఏమీ చెప్పడు. కానీ బండి దగ్గరికి వచ్చే నడకను బట్టి ఆ రోజు ఎట్లా ఉందో తెలుస్తుంది.

మే 9

పాప బరువు పెరుగుతోంది. నా పాలతో. ఇంటికి వచ్చాక కొన్నాళ్లు దోర్నాలలోనే ఉంటారేమో. వందనకు ఇంకా నీరసం, పుట్టింట్లో ఉంటేనే కోలుకుంటుంది. పాలు కూడా ఇక్కడే ఉన్నాయి. నడిమి గది ఊడ్చి, కిటికీకి దోమల జాలీ కొట్టించాను. ఎట్లాగూ వేసవిలో కొట్టించాలనుకుంటున్నదే.

ఆనంద్ జాలీ వైపు, నా వైపు చూసి బండి దగ్గరికి పోయాడు.

మే 14

పాపను ఇంటికి పంపించేశారు. దొనకొండకు.

బండిలోనే కూర్చుని ఉన్నాను. గేటు దగ్గర వాళ్ల కారు. వందన వాళ్ల అత్త పాపను గుడ్డలో చుట్టుకుని ముందు వస్తోంది. వెనక వందన, గోడ పట్టుకుని. ఆనంద్ ఫ్రిజ్ తలకెత్తుకుని పోయి, "అత్తా, ఈ పూటవి ఇవి. రేపటి నుంచి దొనకొండకే తెస్తాను. మార్కాపురం నుంచి ఎంతసేపు?" అన్నాడు.

"ఇంక చాల్లే ఆనందూ. ఇన్నాళ్లు అవసరమై పట్టినాము" అంది ఆమె. గొంతు తగ్గించిందనుకుంది కానీ నాకు వినబడింది. "బిడ్డను పోగొట్టుకున్నామె పాలు. ఇంటికి తీసుకుపోయేటప్పుడు ఎందుకు? డబ్బా పాలు అరుగుతాయని డాక్టరమ్మ కూడా చెప్పింది."

వందన తల వంచుకుని ఉంది. అత్త దయామణి ఆమె చెయ్యి పట్టుకుని, ఏదో అనబోయి, వియ్యపురాలి మొహం చూసి ఆగిపోయింది.

కారు నా ముందు నుంచే పోయింది. గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు.

ఆనంద్ ఫ్రిజ్ పట్టుకుని గేటులో అట్లాగే నిలబడి ఉన్నాడు. అప్పుడు రమ్య బయటికి వచ్చింది. అతనితో మాట్లాడింది. అతను బండి దగ్గరికి వచ్చాడు.

"లోపల ఇంకో బిడ్డ ఉందంట. పుల్లలచెరువు నుంచి తెచ్చినారు. తల్లికి బాలేదు. వాళ్లను అడిగితే సరేనన్నారంట. డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది. ఇయ్యమంటావా?"

"ఇవ్వు" అన్నాను. అతను పేరు చెప్పబోయాడు. "పేరు చెప్పొద్దు" అన్నాను.

అలవాటుగా అనే "పట్టుకో" కూడా దారంతా అతను అనలేదు.

మే 15

దోమల జాలీ బాగుంది. గాలి బాగా వస్తోంది.

మే 16

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఉన్నమాటే కదా.

మే 17

తప్పే.

మే 26

అత్త దోర్నాలకు వచ్చింది. నాకు నూనె రాస్తూ, "ఆ రోజు నోరు తెరవలేకపోయినా తల్లీ. కూతురిని వాళ్లింట్లో బతకనియ్యాల గదా" అంది. ఆమె చేతులు తల మీద ఉంటే నిద్ర వచ్చింది.

పుల్లలచెరువు బిడ్డకు పోతున్నాయి. నేను ఇప్పుడు బండిలో పోవడం లేదు. ప్లగ్గు బాగానే ఉంది.

జూన్ 10

పాలు తగ్గుతున్నాయి. పంపు పెట్టినా సీసా అడుగే. మెంతులు తిను, వెల్లుల్లి తిను అంది సరళ. తిన్నాను. శరీరానికి తెలిసిపోయినట్టుంది.

జూన్ 17

ఆ బిడ్డ తల్లికి పాలు పడ్డాయని రమ్య ఫోన్ చేసింది. "నీ పేరు అడుగుతున్నారు అక్కా. చెప్పనా?"

"వద్దులే. బాగున్నారా?"

"బాగున్నారు."

అంతే మాట్లాడాం. ఆ తర్వాత ఎందుకో పొలం గట్టు దాకా నడిచి వచ్చాను. వాన పడి మట్టి మెత్తగా ఉంది. వాడిని పెట్టిన చోట గడ్డి మొలిచింది. పీకలేదు.

జూన్ 23

లేవు.

జూన్ 30

వీరభద్రయ్య అన్నకు ఫ్రిజ్ కడిగి ఆరబెట్టి ఇచ్చి వచ్చాం. "ఉంచుకోండమ్మా, నాకు పనిలేదు" అన్నాడు. ఉంచుకోలేనని చెప్పాను. ఆయన భార్య విశాలాక్షి గారు లోపలికి పిలిచి, అన్నం పెట్టకుండా పంపలేదు. ఏమీ అడగలేదు. పెరుగు రెండుసార్లు వేసింది.

జూలై 6, ఆదివారం

చర్చి నుంచి వచ్చి తాళం తీస్తున్నాను. వెనక ఆటో ఆగింది. వందన దిగింది. ఒక్కతే, పాపతో. మనిషి సగమైంది. జుట్టంతా ఊడిపోయి నుదురు పెద్దదైంది.

"ఎవరితో వచ్చినావు?" అన్నాను.

"చెప్పకుండా వచ్చినా వదినా. బస్సెక్కాక ఆయనకు ఫోన్ చేసి చెప్పినా."

లోపలికి రమ్మనలేదు. తనే వచ్చింది. చాప మీద కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను. చాలాసేపు సర్దాను. ఆనంద్ బయట బండి కడుగుతున్నవాడు నీళ్లు ఆపేశాడు.

"వదినా. ఆరోజు మా అత్త అన్నది నాకు వినబడింది. నీకూ వినబడిందని నాకు తెలుసు. నేను నోరు తెరవలేదు."

"నీకప్పుడు నిలబడడానికే ఓపిక లేదు" అన్నాను వంటింట్లోంచే.

"ఓపిక లేక కాదు. భయపడినా. ఆ మాట నిజమేమో, నా బిడ్డకు కూడా ఏమన్నా అవుతుందేమో అని ఒక్క నిమిషం నేను కూడా అనుకున్నా."

ఇది చెప్పడానికి వచ్చిందా ఇంత దూరం? గిన్నె చేతిలో ఉంది. విసిరేయాలనిపించింది. పొమ్మనాలనిపించింది. నిజంగా అనిపించింది, ఇక్కడ రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను. కానీ అబద్ధం చెప్పి ఉంటే ఇంకా కోపం వచ్చేదేమో.

పాప ఏడ్చింది. వందన సంచిలోంచి సీసా, డబ్బా తీసింది. పొడి చాప మీద ఒలికింది. నేను పోయి సీసా లాక్కుని కలిపాను. కలిపి ఇస్తే తీసుకోలేదు. పాపను నా ఒళ్లో పెట్టింది.

మొదటిసారి చూశాను. చెవులు ఆనంద్‌వి. కనుబొమలు ఇంకా సరిగ్గా రాలేదు. తాగుతూ నా వేలు పట్టుకుంది. నా పాలు తాగిన పిల్లలా లేదు, ఎవరి పిల్లలానూ లేదు, అచ్చం దాని మొహంలానే ఉంది. ఇన్నాళ్లూ ఏమనుకున్నానో, ఎవరి మొహం కనబడుతుందని భయపడ్డానో. అది కనబడలేదు. బరువు దిగినట్టూ ఉంది, ఇంకోసారి పోగొట్టుకున్నట్టూ ఉంది.

సగం సీసా అయింది. వందన నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"వాడు ఎట్లుండినాడు వదినా?"

"ఎవరు?"

"మన బాబు. నేను చూడలేదు కదా. అమ్మను అడిగితే ఏడుస్తుంది. అన్నను అడగలేను."

మార్చి నుంచి ఈ రోజు వరకు ఎంతమంది వచ్చి పోయారు. దేవుని చిత్తం అన్నారు, మళ్లీ పుడతారు అన్నారు, మర్చిపో అన్నారు. వాడు ఎట్లా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు.

"జుట్టు బాగా ఉండింది" అన్నాను. "నుదుటి మీదికి పడేది. తెల్లగా లేడు, మా నాయన రంగు. కుడికన్ను సగమే తెరిచేవాడు, ఎడమది పూర్తిగా. గోళ్లు పొడుగు, పుట్టేటప్పటికే చెంప గీరుకున్నాడు. నర్సు గొట్టం సర్దితే విసుక్కున్నట్టు మూతి తిప్పినాడు. అచ్చం పెద్ద మనిషి లాగా. నేను వేలు పెడితే..."

ఆగాను. ఆనంద్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు, తడి చేతులతో. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"పాదాలు" అన్నాడు. "పాదాలు చాలా పెద్దవి."

"అవును, పెద్దవి" అన్నాను.

వచ్చి చాప చివర కూర్చున్నాడు. పాప సీసా వదిలేసి నిద్రపోయింది. దొనకొండ బస్సుకు టైమైందని నేనే గుర్తు చేశాను. వందన లేవలేదు.

"పోనీలే బస్సు" అంది. "ఇంకా చెప్పు వదినా."